చింతకుంట ఎద్దుకు బేరం

పులివెందుల, లింగాల, సింహాద్రిపురం అరటి రైతులకు ఆలస్యంగా అందుతున్న మార్కెట్ సమాచారం ఇది. 2024 నవంబరు 20న న్యూయార్కులో, సోథెబీస్ అనే వేలం కంపెనీలో, అరటిపండు 62 లక్షల డాలర్లు పలికింది. మన డబ్బులో 52 కోట్ల పైచిలుకు. టన్ను రేటు కాదు, గెల రేటూ కాదు. ఒక్క పండు. దానికి టిష్యూ కల్చర్ మొక్క, డ్రిప్పు పైపు, పొటాషు, గాలివానకు ఊతకర్రలు, ఇవేవీ ఖర్చు రాయలేదు. వెండిరంగు టేపు ముక్కతో గోడకు అతికించారు, అంతే పెట్టుబడి. 2025 చివర్లో కొనేవాడు లేక గెలల్ని తోటలోనే పశువులకు వదిలేసిన మనవాళ్ళు ఎక్కడ దెబ్బతిన్నారో ఇప్పుడు తెలిసిపోయింది. పండును చెట్టుకు ఉంచారు.

అతికించినాయన ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్. కళాఖండం పేరు 'కమెడియన్'. పాడుకున్నాయన క్రిప్టో నాణేల వ్యాపారి జస్టిన్ సన్. వారం పదిరోజులు తిరక్కుండానే హాంగ్‌కాంగ్‌లో విలేకరులను పిలిచి, అందరూ చూస్తుండగా తొక్క తీసి తినేశాడు. మామూలు అరటిపళ్ళ కంటే బాగుందని కూడా సెలవిచ్చాడు. అసలు ఆ పండును వేలం రోజున మాన్‌హట్టన్‌లో ఒక పళ్ళబండి దగ్గర 35 సెంట్లకు కొన్నారు. అమ్మిన ముసలాయన బంగ్లాదేశ్ నుంచి వలసపోయినవాడు. తర్వాత పత్రికవాళ్ళు వెళ్ళి ఎంతకు పోయిందో చెబితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో కళ వల్ల మనసు కరిగినవాడు ఆయనొక్కడే.

ముద్దనూరులో నాకు వరసకు మామ ఒకాయన ఉన్నాడు, ప్లాట్ల బేరాలు చేస్తాడు. టీకొట్టు బెంచీ ఆయన ఆఫీసు. ఈ సంగతి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "తినేసినాక ఇంగ ఆయప్ప దగ్గర ఏం మిగిలింది?" అన్నాడు.

"సర్టిఫికెట్టు మామా. పండు కుళ్ళిపోతే కొత్తది తెచ్చి ఎట్ల అతికించుకోవల్లనో రాసిచ్చిన కాగితం. ఆ కాగితం ఉన్నోడు అతికిస్తే కళ. నువ్వూ నేనూ అతికిస్తే గోడ పాడు."

"అట్ల చెప్పు. కాగితం కొన్న్యాడు. దాంట్లో వింతేముందబ్బీ? నేను ఇన్నేండ్లుగా అమ్మినయ్యన్నీ కాగితాలే గదా. నేల చూసి కొన్నోడెవుడు?"

ప్రపంచంలోకెల్లా ఖరీదైన చిత్రపటాల గురించి పెద్ద పెద్ద విమర్శకులు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. ఇంత పొట్టిగా తేల్చినవాళ్ళు నాకైతే కనబడలేదు. అందుకే మామ ముందు అసలు కేసు పెట్టాను: 'సాల్వతోర్ ముండీ'. లోకరక్షకుడైన క్రీస్తు బొమ్మ. లియొనార్డో డా విన్చి వేశాడని కొందరు పండితులంటారు, ఎక్కువ భాగం ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు వేశారని ఇంకొందరంటారు. గొడవ తేలలేదు.

మామ మొదటి ప్రశ్న బొమ్మ బాగుంటుందా అని కాదు. "ఈసీ ఉందా?"

ఈసీ అంటే ఏమిటో తెలియనివారు ఈ జిల్లాలో లేరు గనుక వివరించను. ఉంది, ఆ పటానికి ఈసీ ఉంది. 1958లో లండను వేలంలో 45 పౌన్లకు పోయింది. అప్పుడు దాన్ని ఎవరో శిష్యుడి పని అనుకున్నారు. అటుపైన అమెరికాలో ఎవరింట్లోనో పడివుంది. 2005లో న్యూ ఆర్లీన్స్ వేలంలో ఇద్దరు డీలర్లు 1,175 డాలర్లకు కొన్నారు. పాత పూతలు తీయించి, పోయినచోట రంగు దిద్దించి, పండితుల్ని పిలిపించి చూపించారు. 2011 వచ్చేసరికి అది లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో పేరుతో వేలాడుతోంది. మెట్ట భూమికి కాలువ పడినట్టే. 2013లో స్విట్జర్లాండు వ్యాపారి ఈవ్ బూవియే దాన్ని సుమారు 8 కోట్ల డాలర్లకు తీసుకుని, ఆ వెంటనే రష్యా కుబేరుడు ద్మిత్రీ రిబలోవ్‌లెవ్‌కు 12 కోట్ల 75 లక్షలకు అమ్మాడు.

ఇక్కడ మామ రెండు చేతులూ జోడించాడు. "ఎవురబ్బా ఆ మనిషి? ఒకపారి కలవల్ల."

"కోర్టులో పడినారు మామా ఇద్దరూ. 2015లో మొదలుపెడితే 2023లో రాజీ అయినారు."

"అంత తొందరగానా?" అన్నాడు సివిల్ దావాల సంగతి ఎరిగిన మనిషి.

కథ కొసకు వచ్చింది. 2017 నవంబరు 15, న్యూయార్కు, క్రిస్టీస్ కంపెనీ. పాట పందొమ్మిది నిమిషాలు నడిచింది. 37 కోట్ల డాలర్ల దగ్గర నడుస్తున్న పాటను ఫోనులో ఉన్న ఒకాయన ఒక్క ఊపున 40 కోట్లకు లేపాడు. కంపెనీ కమీషనుతో కలిపి 45 కోట్ల 3 లక్షలు. అప్పటి మారకం లెక్కన 2,900 కోట్ల రూపాయల పైమాటే. పాడింది బదర్ బిన్ అబ్దుల్లా అనే సౌదీ రాకుమారుడని, అసలు పార్టీ ఆ దేశపు పట్టపు యువరాజని పత్రికలు రాశాయి. మామ 'బినామీ' అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. 2018 సెప్టెంబరులో అబూధాబీలోని లూవ్ర్ మ్యూజియంలో జనానికి చూపిస్తామన్నారు, తర్వాత వాయిదా వేశారు. ఆ వాయిదా ఇంకా నడుస్తోంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ధర పలికిన పటాన్ని, ధర పలికిన నాటి నుంచి జనం చూడలేదు.

ఇంతకీ ఎందుకు కొంటారు? కళాభిరుచి అనే సమాధానం కేటలాగులో ముద్రించే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేద్దాం. అసలు వేలంపాటకు వెయ్యిమంది అక్కర్లేదు, తగ్గని మొండివాళ్ళు ఇద్దరుంటే చాలు. తెలుగువాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలకు. నడుమ ఈ ముప్ఫై ఏళ్ళలో నెయ్యి మారలేదు, జీడిపప్పు మారలేదు, ఎదురుగా నిలబడి పాడేవాడి మీసం మారింది. కాకపోతే లడ్డూ పాడుకున్నవాడు అయినవాళ్ళకు పంచుతాడు, మిగిలింది పొలంలో చల్లుకుంటాడు. క్రిస్టీస్‌లో పాడుకున్నవాడు చెక్కపెట్టె తెప్పిస్తాడు.

ఆ పెట్టెలు పోయే ఊరొకటి ఉంది. జెనీవా ఫ్రీపోర్టు. పేరుకు గోదాములు, లోపల ఉన్నవి చూస్తే పెద్ద పెద్ద మ్యూజియాలు కుళ్ళుకోవాలి. అక్కడ దింపిన సరుకు ఇంకా ఏ దేశంలోకీ ప్రవేశించనట్టు, దారిలో ఉన్నట్టు లెక్క. అందువల్ల దాని మీద దిగుమతి సుంకం పడదు, అమ్మినా అక్కడికక్కడే అయితే పన్ను పడదు. పటం కదలకుండానే యజమాని మారతాడు. మన బూవియే ఖ్యాతి గడించింది ఈ గోదాముల వ్యాపారంలోనే. పికాసో గీసిన ముఖాలు అక్కడ లైటు ఖర్చు లేకుండా చీకట్లో కూర్చుని ఉంటాయి. తేమ మాత్రం గంటగంటకూ చూస్తారు. మనిషికి ఆ మాత్రం చూసే ఆసుపత్రి దొరకడం కష్టం.

పటం పెట్టి అప్పు కూడా తెచ్చుకోవచ్చు. పెద్ద బ్యాంకులు ఇస్తాయి, వేలం కంపెనీలే ఇస్తాయి. ఇది విన్నాక మామకు మొదటిసారి అనుమానం వచ్చింది.

"ప్రొద్దుటూరులో బంగారు కుదవపెడితే గీటురాయి మీద గీసి, తూకమేసి ఇస్తారు. పటానికి ఏం జూసి ఇస్తారంట?"

"పోయినసారి ఎంతకు అమ్ముడుపోయిందో చూసి."

"పోయినసారి కొన్నోడు ఏం జూసి కొన్న్యాడు?"

"అంతకుముందుసారి ఎంతకు పోయిందో చూసి."

"మొదట కొన్నోడో?"

మొదట కొన్నవాడి సంగతి చెప్పాలంటే వాన్ గోహ్ దగ్గరికి పోవాలి. 1890 జూన్‌లో తనకు వైద్యం చేస్తున్న డాక్టర్ గాషే బొమ్మ వేశాడు. మరుసటి నెలలోనే చనిపోయాడు. బతికినన్నాళ్ళూ తమ్ముడు పంపిన డబ్బుతో రంగులు కొనుక్కున్న మనిషి. సరిగ్గా వందేళ్ళకు, 1990 మే 15న, ఆ పటాన్ని జపాన్ కాగితపు మిల్లుల యజమాని ర్యోయీ సైతో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు పాడుకున్నాడు. అదే వారంలో రెన్వార్ పటం ఇంకొకటి 7 కోట్ల 81 లక్షలకు. ఆపైన, నేను పోయినప్పుడు ఇవి నా చితి మీద పెట్టి కాల్చండి అన్నాడు. ప్రపంచమంతా గగ్గోలు పెడితే, తమాషాకు అన్నానన్నాడు. మన పల్లెల్లో అయితే కాటికి ఎత్తకముందే వేలి ఉంగరం, మొలతాడు విప్పేసుకుంటారు. అలాంటి తమాషాకు తావే ఇవ్వరు. వేసినవాడి ఆకలికీ కొన్నవాడి చితికీ మధ్య ఆ డాక్టరు ముఖం దిగులుగానే ఉంది. వాన్ గోహ్ అలాగే వేశాడు, ముందే తెలిసినట్టు.

2025 నవంబరులో క్లిమ్ట్ వేసిన ఎలిజబెత్ లెడరర్ పటం 23 కోట్ల 64 లక్షల డాలర్లకు పోయింది, రెండు వేల కోట్ల రూపాయల పైనే. దాని గురించి ఇంతకంటే రాయను. సున్నాలు లెక్కపెట్టి లెక్కపెట్టి విసుగొచ్చింది.

మన దేశంలో ఈ జబ్బు లేదనుకోకండి. అమృతా షేర్‌గిల్ పటం 2023లో 61 కోట్ల 80 లక్షలు. హుసేన్ 1954లో వేసిన 'గ్రామ యాత్ర' 2025 మార్చిలో న్యూయార్కులో 1 కోటి 37 లక్షల డాలర్లు, మన 118 కోట్లు. పదమూడు పల్లె దృశ్యాలు పక్కపక్కన పేర్చిన పద్నాలుగు అడుగుల పటం అది. వేసిన ఏడే ఒక డాక్టరు కొనుక్కుపోయాడు, తర్వాత అది ఓస్లో ఆసుపత్రికి చేరింది. భారతదేశపు పల్లెలన్నీ నార్వే ఆసుపత్రి గోడ మీద దశాబ్దాల తరబడి ఉన్నాయి. ధర పలికేదాకా ఎవరికీ ఊసు లేదు.

అదే హుసేన్‌కు హైదరాబాదు కథ ఒకటుంది, దానికి ధర లేదు. రామ్ మనోహర్ లోహియా చెప్పిన మాట పట్టుకుని, హైదరాబాదు బద్రీవిశాల్ పిట్టీ అండతో, రామాయణాన్ని వరసగా పటాలు కట్టాడు. వాటిని ఎద్దులబండ్ల మీద ఎక్కించి పల్లెల్లో తిప్పారు. టిక్కెట్టు లేదు, కేటలాగు లేదు, చేతిలో చిన్న గ్లాసు వైను లేదు. పల్లెజనం ఇదేం బొమ్మ అని తనను నిలదీయలేదని హుసేన్ తర్వాత మురిసిపోయి చెప్పుకున్నాడు. మన దగ్గర బండి మీద చూసిన పటం ఉచితం, ఆసుపత్రిలో మరిచిపోయిన పటం 118 కోట్లు. జనం చూపు తగిలితే ధర పడిపోతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన తెలుగువాళ్ళలో దామెర్ల రామారావు ఉన్నాడు. 1897లో పుట్టి 1925లోనే పోయాడు. చిన్నవయసు చావు, మిగిలినవి కొద్ది పటాలు. వేలం కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆ పటాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో గోడకు కొట్టి ఉన్నాయి, అమ్మకానికి లేవు. అమ్మకానికి లేనిదానికి రేటు లేదు, రేటు లేనిదానికి పేపర్లో వార్త లేదు. దేశం దాటించకూడని జాతీయ కళాసంపదగా ప్రభుత్వం తొమ్మిదిమంది చిత్రకారుల పేర్లు ప్రకటించింది. అందులో ఒక్క తెలుగు పేరూ లేదు. అంటే వందేళ్ళు దాటనంతవరకు మనవాళ్ళ బొమ్మలు నిక్షేపంగా ఎగుమతి చేసుకోవచ్చు. సంతోషం.

రాయికి బొమ్మ చెక్కినా ఇదే తీరు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్తూపం దగ్గర ఒక శిల్పఫలకం ఉండేది, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులు. అక్కడ ఉన్నన్నాళ్ళూ దాని విలువ సున్నా. దొంగలెత్తుకుపోయారు. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని న్యూయార్కు డీలరు దగ్గర 5 లక్షల 95 వేల డాలర్లకు కొంది. దొంగసొత్తని తేలి 2016లో తిరిగి ఇచ్చేశారు. ఇంటికి వచ్చింది కాబట్టి ఇప్పుడు మళ్ళీ వెలలేనిది. ఈ మాటను మనం పొగడ్తగా వాడుతాం గానీ, మామ లాంటివాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకుంటారు.

ఇంత తిరిగి మా మండలానికి వస్తున్నాను. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర పెద్ద పెద్ద గుండ్లు ఉన్నాయి. వాటి మీద వేల ఏళ్ళ కిందటి మనుషులు ఎర్రమన్నుతో బొమ్మలు వేసిపోయారు. మూపురం లేచిన ఎద్దులు, జింకలు, మనుషులు. పుట్టగొడుగులా నిలిచిన గుండును ఊరివాళ్ళు ఎద్దుల ఆవుల గుండు అంటారు. ఎర్విన్ నాయ్‌మయర్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు వచ్చి చూసి వాటి సంగతి లోకానికి చెప్పాడు. మధ్యప్రదేశ్‌లో ఇలాంటి బొమ్మలే ఉన్న భీంబెట్కాకు 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బస్సులు, గైడ్లు, టిక్కెట్లు, అన్నీ వచ్చాయి. చింతకుంట ఎద్దుకు మాత్రం మేకలు తోలుకుపోయేవాళ్ళే ప్రేక్షకులు.

ఇది విలువ తెలియని ప్రాంతం అని తేలిగ్గా అనకండి. ఇక్కడ బూడిదకు రేటుంది. ఆర్టీపీపీ కరెంటు కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద లారీల కోసం 2024 నవంబరులో జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు రోడ్డెక్కితే పంచాయితీ ముఖ్యమంత్రి దాకా పోయింది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయిని పలకలు కోసి చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. బూడిదకు లారీ ఉంది, బండకు లారీ ఉంది. ఎద్దుకు లేదు. బొమ్మ లేని రాయికి ధర కట్టగలం, బొమ్మ ఉన్న రాయికి కట్టలేం.

ఈ లోటు తీర్చాలని నేనే క్రిస్టీస్ బాణీలో ఒక ప్రకటన తయారుచేశాను:

"లాట్ నంబరు 1. మూపురమున్న ఎద్దు. చిత్రకారుడు: సంతకం చేయలేదు, చనిపోయాడని గ్యారంటీ. రంగు: స్థానిక ఎర్రమన్ను, వేల వానలకు తట్టుకున్నది. తలం: ఏకశిల. ఫ్రేము: లేదు, అవసరం పడలేదు. పూర్వ యజమానులు: ఎవరూ లేరు కనుక దావాలు లేవు. మరమ్మతులు: ఎవరూ రంగు దిద్దలేదు, అసలు సిసలు చెయ్యి. ప్రదర్శనలు: నిరంతరం. ప్రమాదాలు: పేర్లు చెక్కుకునే ప్రేమికులు. షరతు: 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ప్రాచీన వస్తువును దేశం దాటించరాదు, గుండు కూడా అదే ఉద్దేశంలో ఉంది."

మామకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. పార్టీలకు ప్లాటు చూపించేటప్పుడు పెట్టే ముఖం పెట్టి ఒక్కొక్కటే అడిగాడు.

"పెట్టెలో పెట్టను అయితాదా?"

"కాదు."

"కుదవపెట్టను?"

"కాదు."

"ఒకని పేరు మింద కొని ఇంగొకని ఇంట్లో దాపెట్టను?"

"ఎట్లయితాది మామా, గుండు గదా."

"మరి కొన్నోడు దాన్ని ఏం జేసుకోవల్ల?"

"చూసుకోవల్ల."

మామ నా వైపు జాలిగా చూశాడు. "చూసేదానికి డబ్బులెవురిస్తారబ్బీ? అది ఊరికే గూడా చూడొచ్చు గదా!"

అయినా పట్టు వదల్లేదు నేను. తెలిసినవాళ్ళ ఫోన్లకు ప్రకటన పంపాను. ఆ సాయంత్రమే ఒక పార్టీ దగ్గర్నుంచి మామకు ఫోను వచ్చింది. మనిషికి ఎద్దు సంగతి పట్టలేదు గానీ రాయి మీద ఆసక్తి ఉంది. గుండు లోపల గట్టిదేనా, లారీ దగ్గరిదాకా వస్తుందా, పలకలు కోస్తే ఎన్ని అడుగులు తేలుతుంది అని అడిగాడు. పైన ఎర్రమరక ఉందని విన్నామని, అది గీకి శుభ్రం చేసి ఇస్తే బేరానికి సిద్ధమన్నాడు. గీకిన మేరకు మందం తగ్గుతుంది కాబట్టి తరుగు మాత్రం మనమే భరించాలంట.